పులిమడుగు వాగు దాకా పెట్రోలు

ఆ అడవిలో నేనొస్తున్నానని నాకంటే ముందు నా బండి చెప్పేది.

డెబ్బై తొమ్మిది ఎండాకాలం. కాటారం అవతల ఇప్పలకుంటలో తునికాకు కంపెనీ డిపో ఉండేది. నేనందులో చెక్కర్‌ని. కోసిన ఆకును కట్టలు కట్టి ఇసుక నేల మీద వరసలుగా ఎండబెట్టే జాగాను కల్లం అంటారు. అలాంటి కల్లాలు అడవి నిండా ఉండేవి. అన్నీ తిరిగి, ఆకు సరిగా ఎండుతోందో లేదో చూసి, పొద్దుగూకేలోపు మేనేజర్‌కి చెప్పాలి. జీపు పోయే దారి ఏ ఒకటి రెండు కల్లాలకో ఉండేది. మిగతావన్నీ కాలిబాటలు. అందుకే కంపెనీ నాకు ఆ బండి ఇచ్చింది.

గోదావరి మీద సర్వేకి వచ్చిన విదేశీ ఇంజనీర్లు వాడి వదిలేసిన మోటార్‌సైకిల్ అది. వేలంలో కంపెనీ చేతికొచ్చింది. మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. పొడుగు కాళ్ల మేకపిల్లలా ఉంది. అందరూ దాన్ని అలాగే పిలిచేవాళ్లు. ముందు చక్రం పెద్దది, వెనకది చిన్నది. రెండు టైర్లకూ వేలి మందం గుబ్బలు. ముందు మడ్‌గార్డు చక్రానికి అంటుకుని కాకుండా జానెడు పైన ఉంది, మధ్యలో బురద ఇరుక్కోకుండా. ఇంజను పొట్ట కింద ఇనుప పలక, రాళ్లు తగలకుండా. సైలెన్సర్ కింద లేదు. తొడ పక్కగా పైకి వెళ్లి సీటు వెనక తేలుతుంది, వాగులో దిగితే నీళ్లు మింగకుండా. వెనక పళ్లచక్రం బండి ఒంటికి మించినంత పెద్దది. దాంతో బలం పెరిగి వేగం తగ్గి, రోడ్డు మీద ఎర్ర బస్సు కూడా మమ్మల్ని దాటిపోయేది. గుట్ట ఎక్కాల్సి వస్తే మాత్రం రాయి రాయినీ కరుచుకుంటూ ఎక్కేది. చెట్టు అడ్డం పడితే బండిని ఒక్కణ్ణే ఎత్తి అవతల పెట్టేవాణ్ణి.

దానికి ఉన్న లోపం ఒక్కటే, గొంతు. ఎండుకట్టెలు ఆగకుండా విరుస్తున్నట్టు ఉండేది చప్పుడు. గుట్ట అవతలున్న ఆడవాళ్లు కూడా “చెక్కరు వస్తుండు” అని కట్టలు సర్దుకునేవాళ్లు.

“బావా, గిది బండి కాదు, జీవి,” అనేవాడు సంజీవ.

సంజీవ నా బావమరిది. మా మేనమామ కొడుకు. వాడి అక్క మనోరమ నా భార్య. ముగ్గురం చిట్యాలలో ఒకే వాకిట్లో పెరిగినవాళ్లం. చదువు సగంలో ఆపేసి వచ్చి మా దగ్గరే ఉన్నాడు. పొద్దున లేవగానే ఆ బండి ముందు కూర్చునేవాడు. ప్లగ్గు విప్పి రుద్దేవాడు, చైను బిగించేవాడు, కార్బురేటర్‌లో ఇసుక ఊదేవాడు. ఇంజను తిరుగుతుంటే కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టేవాడు.

“పెండ్లికూతురు గజ్జెలు ఇంటున్నట్టు ఇంటవేందిరా,” అనేది మనోరమ.

“నీ గజ్జెల కన్న నయమే అక్కా. ఇది తిట్టది.”

వాణ్ణి కూడా కంపెనీలో పెట్టించాను. కల్లంలో కట్టలు లెక్కపెట్టే పని. అక్కడే మొదలైంది.

ప్రతి వంద కట్టలకీ కొసరు అని కొన్ని ఊరికే తీసుకోవడం కంపెనీ ఆనవాయితీ. వాళ్ల తాతల కాలంనుంచీ ఉందని కొత్తగా వచ్చిన మేనేజర్ కూడా చెప్పేవాడు. ఒకరోజు గుట్టకింది తండా నుంచి వచ్చిన తుల్సీబాయి, కొసరు అడిగిన సంజీవను నిలబెట్టి అడిగింది. “నీకు జీతమిచ్చేటప్పుడు నువ్వు వాళ్లకు కొసరు దినాలు పనిచేస్తవా బిడ్డా?”

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, “అక్కా, ఆమె అడిగింది నిజమే గదా,” అన్నాడు. వారం తిరక్కుండా కల్లం పని మానేశాడు. ఇంకో వారానికి తండాలూ గూడేలూ తిరిగి, కొసరు అడగడం ఆపేదాకా ఆకు కోయొద్దని చెప్పడం మొదలుపెట్టాడు.

తునికాకు నెలరోజుల పంట. లేత ఆకు ముదిరితే బీడీకి పనికిరాదు, ఒక్క వాన పడితే కల్లంలో ఉన్నదీ కుళ్లిపోతుంది. అడవిలో ఆకు ముదురుతోంది. కల్లాలు ఖాళీగా ఉన్నాయి. మేనేజర్ ధనంజయరావు గుంటూరువైపు మనిషి. రోజూ ఆకాశం చూసి, తర్వాత నా ముఖం చూసేవాడు.

మొదట ఆయన కట్టయ్యను పిలిపించాడు. కట్టయ్య పక్క గూడెంలో సమ్మె నడిపే పెద్దమనిషి. మాట్లాడుకుందామని కబురు పెడితే తెల్ల పంచె కట్టుకుని డిపోకి వచ్చాడు. మధ్యాహ్నం మంచం మీద మోసుకుపోయారు. రెండు మోకాళ్లూ చితికిపోయాయి. చెట్టు మీంచి పడ్డాడని కంపెనీ చెప్పింది. వరంగల్ పెద్ద దవాఖానలో ఒక కాలు తీసేశారు. అదే వారం ఒక ఖాళీ కల్లం పాక కాలిపోయింది. ఎవరు అంటించారో తెలియదు. పేరు మాత్రం సంజీవది పెట్టారు.

ఆ రోజే వాడు పులిమడుగు వాగు అవతలికి వెళ్లిపోయాడు.

ఖాళీ కల్లాలైనా తిరిగి చూసి రావాలి కాబట్టి నా పని ఆగలేదు. వాగు ఇవతల ఒక కల్లం ఉంది. అది చూసే వంకతో బండి వాగు ఒడ్డుకు తీసుకెళ్లి రెండుసార్లు ఇంజను గట్టిగా తిప్పేవాణ్ణి. అవతల పొదల్లోంచి సంజీవ వచ్చేవాడు. మనోరమ కట్టిచ్చిన జొన్నరొట్టెలు ఇసుకలో కూర్చుని తినేవాడు. తింటూనే బండి చుట్టూ చూసేవాడు.

“చైను లూజు చేసినవ్ బావా.”

“పానం కాపాడుకో. చైను సంగతి నేను చూస్త.”

“పానానికి ఏమైతది. నీ బండి సప్పుడు ఇనబడ్డదంటే బేఫికర్. వేరే సప్పుడైతే గుట్ట ఎక్కుత.”

“కట్టయ్య కాలు తీసేసిండ్రురా.”

వాడు నమలడం ఆపాడు. చేతిలో రొట్టె ముక్కను మళ్లీ గుడ్డలో చుట్టాడు. “అక్కకు చెప్పకు,” అన్నాడు.

మమ్మల్ని ఎవరు చూశారో, ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒక ఉదయం దగ్గరి కల్లం ఒకటి చూసి బండి మీద తిరిగొస్తుంటే, దారిలోనే డిపో నుంచి పిలుపు వచ్చింది. ధనంజయరావు వరండాలో కాఫీ తాగుతున్నాడు. మెట్ల కింద కంపెనీ కాపలావాళ్లు తుపాకులు తుడుచుకుంటున్నారు.

“రావోయ్ వెంకట్రామూ. మీ బావమరిది రొట్టెలు బాగా తింటున్నాడంట కదా.”

నేను మెట్ల దగ్గరే ఆగాను.

“గిట్ల గట్ల అనకుండా ఒక్క మాట చెప్పు. బండి చప్పుడు వింటే వాడు బయటికొస్తాడా, రాడా?”

“వాడు ఏడున్నడో నాకు ఎర్క లేదు సార్.”

“నీకు ఎర్క లేకపోతే పర్లేదు, నీ బండికి ఎరికే.” ఆయన తన హాస్యానికి తనే నవ్వాడు. “చూడు, వాడితో మాట్లాడి ఊరికి పంపించేస్తాం. అంతే.”

“కట్టయ్యతోని మాట్లాడినట్టా సార్?”

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు. “మీ ఆవిణ్ణి మన బంగళాకి రమ్మన్నాం. ఊళ్లో గొడవగా ఉంది కదా, ఆడకూతురు ఒంటరిగా ఉండటం మంచిది కాదు. పని అయ్యాక తీసుకెళ్దువుగాని.”

తలతిప్పి చూశాను. బంగళా కిటికీ ఊచల వెనక మనోరమ నిలబడి ఉంది. తలుపు బయట ఒక కాపలావాడు బీడీ కాలుస్తున్నాడు.

దగ్గరికి వెళ్లడానికి ఒప్పుకున్నారు. మాట్లాడటానికి కిటికీయే దారి.

“అన్నం పెట్టిండ్రా?” అన్నాను. ఇంకేం అడగాలో తెలియలేదు.

“పెట్టిండ్రు. సాంబార్ల చక్కెర ఏసిండ్రు.” గొంతు తగ్గించింది. “నువ్వు పోతె వాడు వస్తడు. వాడు నీ బండి సప్పుడింటె అన్నం కాడికెళ్లి లేసి ఉరుకుతడు.”

“పోకుంటె నిన్ను ఇడువరు.”

“నన్నేం చేస్తరు? చక్కెర సాంబారు పోస్తరు, గంతే.” నవ్వబోయింది. ముఖం సహకరించలేదు. “నాకు ఇద్దరూ కావాలె. ఎట్ల చేస్తవో నువ్వే సోచాయించు.”

సోచాయించడానికి సమయం లేదు. తెల్లారకముందే నలుగురు కాపలావాళ్లు కాలినడకన వాగు ఒడ్డుకు బయల్దేరారు, పొదల్లో కూర్చోవడానికి. నా వెనక కూర్చోవడానికి భూపాల్ అనే కుర్ర గార్డు సిద్ధంగా ఉన్నాడు. బచ్చన్నపేటవాడు. వానలు లేక అడవిలో నౌకరికి వచ్చాడు. భుజాన తుపాకి.

బండి దగ్గరికి వెళితే ట్యాంకు మూత తీసి ఉంది. పైపు పెట్టి పెట్రోలంతా వంచేస్తున్నారు.

“పారిపోయే ఆలోచన నీకు రాకూడదు కదా,” అన్నాడు ధనంజయరావు. “వాగు దాకా పోయి వచ్చేంతే పోయిస్తాను. ఒరేయ్, ఆ జీపు డబ్బా పట్రండి.”

భూపాల్ జీపు వెనకనుంచి డబ్బా తెచ్చాడు.

జీపు ఇంజనుకు నూనె వేరే ఉంటుంది. కింది పళ్లెంలో పోస్తారు, అది తన పని తాను చేసుకుంటుంది. నా బండి ఇంజనుకు ఆ ఏర్పాటు లేదు. నూనెను పెట్రోల్లోనే కలపాలి. పెట్రోలుతోపాటు లోపలికి పోయి పిస్టన్‌ను తడిపేది అదొక్కటే. నూనె లేని పెట్రోలు పోస్తే ఇంజను మొదట మామూలుకంటే హుషారుగా తిరుగుతుంది. లోపల పాత నూనె పొర ఉన్నంతసేపే ఆ హుషారు. తర్వాత ఇనుము ఇనుమును రాస్తుంది. వేడికి పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ను పట్టేస్తుంది. రోజూ పొద్దున మా ఇంటి అరుగు మీద, కొలిచి, కర్రతో కలిపి పోసేవాణ్ణి. నేను కాకపోతే సంజీవ. డిపోలో ఎవరికీ ఆ సంగతి చూసే అవసరం రాలేదు.

భూపాల్ డబ్బా వంచాడు. తెల్లగా, నీళ్లలా దిగింది పెట్రోలు.

“ఇంకేమన్న పొయ్యాల్నా అన్నా?” అని అడిగాడు.

“ఏం వద్దు,” అన్నాను.

మూత బిగించి కిక్ కొట్టాను. మొదటి దెబ్బకే లేచింది.

నా లెక్క ఒకటే. మొదటి గుట్ట దగ్గర పట్టేస్తుంది. అక్కడినుంచి వాగు చాలా దూరం. బండి చప్పుడు సంజీవ చెవిన పడదు. బండి చెడిపోయింది, అంతే. నేను చేసిందేమీ లేదు.

మొదటి గుట్ట వచ్చింది. బండి ఎక్కేసింది.

“అన్నా, జర మెల్లగ. పేగులు నోట్లెకి వస్తున్నయి,” అన్నాడు భూపాల్.

“బండి గిట్లనే ఉంటది. గట్టిగ పట్టుకో.”

“పెండ్లాన్ని బంగ్లల పెట్టిండ్రని నా మీద పెట్టుకోకు. నేను నౌకరి చేసుకునెటోన్ని.”

“నీకు పెండ్లయిందా?”

“మాట్లాడుతుండ్రు.”

“గట్లయితే మూసుకొని కూసో.”

సెకండ్ గేర్లో పోవాల్సిన చోట ఫస్ట్ గేర్లో పోయాను. యాక్సిలరేటర్ ఆఖరు దాకా తిప్పాను. ఎండ మండిపోతోంది. కింద ఇనుప పలక మీద రాళ్లు గిలకల్లా మోగుతున్నాయి. మామూలుగా నా వెనక సన్నటి నీలం పొగ ఉండేది. వెనక్కి చూశాను. పొగ లేదు, భూపాల్ చెమట ముఖం తప్ప. ఇంజను కాక నా మోకాళ్లకు తగులుతోంది. అయినా తిరుగుతోంది. సంజీవ రుద్దిన ప్లగ్గు, నేను మార్చిన రింగులు, ఇద్దరం కలిసి నునుపు చేసిన సిలిండర్. చావమంటే చావదు. రెండేళ్లు దాన్ని అంత బాగా చూసుకున్నందుకు ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నాను.

రెండో గుట్ట దాటింది. ఎర్రమట్టి దిబ్బ దాటింది. చెట్ల సందుల్లో తెల్లగా వాగు ఇసుక కనబడింది.

ఇక వాడికి వినబడుతోంది.

అప్పుడు ఇంజను గొంతు మారింది. కట్టెలు విరిచే చప్పుడు పోయి, ఖాళీ బిందెలో గులకరాళ్లు వేసి తిప్పినట్టు గలగల మొదలైంది. తర్వాత సన్నటి కూత. కత్తిని సాన పట్టేటప్పుడు వచ్చే కూతలాంటిది, అంతకంతకూ పెరిగింది. దిబ్బ వాలులో ఉన్నాం. కీచుమని ఒక్క అరుపు. వెనక చక్రం బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కేలోపే బండి అడ్డం తిరిగింది. నేను దాని పక్కన పడ్డాను, భూపాల్ వాయిలి పొదలో పడ్డాడు.

అడవి ఒక్కసారిగా చెవులు మూసుకున్నట్టయింది. వేడెక్కిన సిలిండర్ టిక్కు టిక్కుమంటోంది.

“ఏమైంది?” తుపాకి వెతుక్కుంటూ అడిగాడు భూపాల్.

“పట్టేసింది.”

“ఏం పట్టేసింది?”

“లోపల.”

“కొట్టు కిక్కు.”

కాలు పెట్టి నొక్కాను. రాతిని తన్నినట్టు ఉంది. మళ్లీ నొక్కించాడు. అంతే.

అప్పుడు తెలిసింది నేనెక్కడ ఇరుక్కున్నానో. చప్పుడు వస్తూ వస్తూ ఆగింది. బావ బండి చెడిపోయింది, పాపం ఒక్కడే తంటాలు పడుతున్నాడని వాడు అనుకుంటే? పానా పట్టుకుని వాగు దాటి వస్తే? కిందనే నలుగురు కూర్చుని ఉన్నారు. అరిచి వద్దని చెబుదామంటే అక్కడ కిటికీ ఊచల వెనక మనోరమ ఉంది. నోరు తెరిస్తే ఒకరు పోతారు, మూస్తే ఇంకొకరు.

దిబ్బ మీద కూర్చుని వాగు వైపు చూశాను. భూపాల్ నా పక్కనే తుపాకి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. వాడి నీళ్ల సీసా నాకిచ్చాడు. తాగలేకపోయాను. పొదల్లో ఆకు కదిలితే నా గుండె కదిలేది. ఒకసారి అవతల ఒడ్డున నిజంగానే ఏదో కదిలింది. కణుజు దుప్పి. నీళ్లు తాగి తోక ఊపుకుంటూ పోయింది.

నీడలు అటునుంచి ఇటు తిరిగాక కిందనుంచి నలుగురూ ఎక్కి వచ్చారు. దోమకాట్లు గోక్కుంటున్నారు.

“రాలే,” అన్నాడు ఒకడు. “ఏం బండిరా నీది, సరిగ్గ దగ్గరికొచ్చి సచ్చింది.”

బండిని తోసుకుంటూ డిపోకి తెచ్చాను. గేరు కూడా ఇరుక్కుపోయి, వెనక చక్రం తిరగక ఈడ్చుకుంటూ వచ్చింది. దారి పొడుగునా ఒక్కటే గీత.

ధనంజయరావు అరవలేదు. అరిస్తే బాగుండేది. “యోహాను వచ్చి ఇంజను విప్పుతాడు. నువ్వేమైనా చేశావని తేలితే అప్పుడు మాట్లాడుకుందాం,” అన్నాడు. మనోరమను వదల్లేదు.

యోహాను కంపెనీ లారీల ఫిట్టర్. భూపాలపల్లిలో ఉండేవాడు. మర్నాడు వచ్చాడు. గోనెపట్టా పరిచి, బండిని పడుకోబెట్టి, హెడ్డు విప్పాడు. ధనంజయరావు కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చున్నాడు. సిలిండర్ ఊడి వచ్చింది. పిస్టన్ ఒంటి నిండా పిల్లి గీకినట్టు గీతలు. చుక్క తడి లేదు. యోహాను ట్యాంకులో వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు. వేలు జారలేదు. తల ఎత్తి నా వైపు చూశాడు.

బంగళా కిటికీ ఆయన భుజం వెనకే ఉంది. అక్కడినుంచి మనోరమ చూస్తోంది.

“ఏంటి సంగతి?” అన్నాడు మేనేజర్.

యోహాను వేలు గుడ్డకు తుడుచుకున్నాడు. “రింగు ఇరిగి ఇరుక్కుంది సార్. ముసలి బండి. ఎన్నొద్దులు వస్తది.”

“వీడి చేతివాటం ఏం లేదంటావు.”

“ఈయనకు గంత తెలివుంటె లారీ ఇచ్చెటోళ్లు గద సార్, గీ మేకపిల్లను ఎందుకిస్తరు?”

కాపలావాళ్లు నవ్వారు. ధనంజయరావు కూడా నవ్వాడు. ఆ నవ్వుతోనే బంగళా తలుపు తెరిచారు.

మనోరమను ఇంటికి తీసుకొచ్చాను. తలుపు వేశాక, “వాడు?” అంది.

“రాలే.”

“ఉన్నడా?”

“ఎర్క లేదు.”

ఉద్యోగం మానేస్తానంటే ధనంజయరావు ఒప్పుకోలేదు. సీజన్ అయ్యేదాకా ఎక్కడికీ కదలొద్దన్నాడు. మా అరుగు ఎదురుగా ఒక కాపలావాడు నులక మంచం వేసుకున్నాడు. నేను కాలినడకన కల్లాలు తిరిగేవాణ్ణి. వాగు వైపు మాత్రం పంపేవారు కాదు. మనోరమ రోజూ జొన్నరొట్టెలు ఎక్కువే చేసేది. మిగిలినవి మర్నాడు మేమే తినేవాళ్లం.

చివరికి మబ్బులు గెలిచాయి. ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి, నాలుగు చినుకులు రాలి ఆగాయి. ఆ సాయంత్రమే కొసరు వద్దని కంపెనీ అన్ని ఊళ్లలో దండోరా వేయించింది. మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లు ముల్లెలు ముల్లెలుగా ఆకు తెచ్చారు. ముదరగా మిగిలింది ఎంతో కొంత దక్కింది. మా అరుగు ఎదుట మంచం కూడా లేచిపోయింది.

వాగు ఇవతలి కల్లానికి నన్ను మళ్లీ పంపింది ఆ రోజే. తుల్సీబాయి కట్టలు పేరుస్తూ నన్ను చూసి చేయి ఆపలేదు.

“నడిచొచ్చినవా చెక్కర్‌సాబ్? నీ మేకపిల్లేది?”

“సచ్చింది.”

“ఇన్నం. మా తండా దాంక ఇనొచ్చింది దాని సావు.” అటూ ఇటూ చూసి ఇంకో కట్ట తీసుకుంది. “మీ పిలగాడు గప్పటికే వాగులకు దిగిండు, గీ కాపలోళ్లకు కండ్లవడని మీది ఒంపు కాడ. నీ సప్పుడిని నవ్వుకుంట దిగిండు. నడుమ దాంక వచ్చి, నీళ్లల్లనే నిలవడ్డడు. నీ బండి మొత్తుకున్నది గద, గప్పుడు. చెవి పెట్టి ఇన్నడు. గిది వేరే సప్పుడు అనుకున్నడట, వాడే చెప్పిండు. మెల్లగ ఎన్కకు నడిచిండు.”

“ఇప్పుడేడి?”

“గోదారి దాటిండు. అవతల మా చుట్టాలున్నరు. మల్ల రాడు. రావద్దని మేమే చెప్పినం, పేరు రాసిపెట్టిండ్రు గద.” ఇంకో కట్ట పేర్చింది. “పోయేటప్పుడు నిన్ను తిట్టిండు.”

“ఏమని?”

“నాకు తెల్వదు బిడ్డా ఆ మాటలు. నూనె పొయ్యకుంట ఎవడన్న నడుపుతడా, బావకు దిమాక్ లేదా అన్నడు. అనుకుంటనే ఏడ్సిండు.”

ఆ రోజు కట్టలు ఎలా చూశానో గుర్తులేదు. ఇంటికి వచ్చేసరికి మనోరమ పొయ్యి ముందు ఉంది. గోదావరి దాటాడని చెప్పాను. ఇక రాడని కూడా చెప్పాను. పెనం మీద రొట్టె మాడుతున్నా తిప్పలేదు.

“నన్ను తిట్టిండంట,” అన్నాను.

తల తిప్పింది. “ఏమని తిట్టిండు?”

చెప్పాను.

“గంతేనా?” అంది. “వాడు తిడితే గంతతోని ఆగడు. ఏమేం తిట్టిండో మొత్తం చెప్పు.”

నా దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే. అయినా పొయ్యి పక్కన పీట వాల్చుకుని కూర్చున్నాను. చైను లూజు చేసినందుకు తిట్టాడన్నాను. క్లచ్ వైరు మార్చనందుకు తిట్టాడన్నాను. బండి ఎక్కడం నేర్పితే ఎద్దు అయినా నాకంటే బాగా నడిపేదన్నాడని చెప్పాను. మనోరమ కళ్లు తుడుచుకుంటూ, “ఆ, ఇంకా,” అంటోంది. వాడి గొంతులో, వాడి మాటల్లో, తోచినవల్లా చెబుతూ పోయాను.